మా అమ్మాయి కొలిచిన మధ్యాహ్నం

అమెరికాలో పెరిగే పిల్లలకు తెలుగు రాయడం, పద్యాలు చెప్పడం నేర్పాలని అందరం తాపత్రయపడతాం. పొద్దు చూడడం కూడా నేర్పాలని నాకు గట్టిగా అనిపించింది, పోయిన జులైలో చంద్రగిరి దగ్గర మా ఊరికి వెళ్ళినప్పుడు.

"పన్నెండయింది కదవ్వా, అన్నం పెట్టు" అంది మా అమ్మాయి ఫోను చూసి. అమ్మ అరుగు మీద నీడ చూసి, "నీ ఫోన్లో అయ్యిండొచ్చు. పొద్దింకా నడినెత్తికి రాలేదు పాపా" అంది.

ఎవరి మాట నిజమో తేల్చాలని పాప వాకిట్లో మీటరు పొడవు వెదురు కర్ర నిలబెట్టింది. అయిదేసి నిమిషాలకోసారి నీడ కొసన ఒక గులకరాయి. నీడ అన్నిటికంటే పొట్టిగా పడింది 12.20 దగ్గర. జానెడు కూడా లేదు. అవ్వ మాటే నిజం.

మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. అది కాకినాడ దగ్గరగా పోతుంది. మా ఊరు అక్కడికి మూడు డిగ్రీలకు పైగా పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన పొద్దు 12, 13 నిమిషాలు ఆలస్యం. భూమి ఒరిగి ఉండడం వల్లా, కక్ష్య గుండ్రంగా లేకపోవడం వల్లా జులైలో ఇంకో ఆరు నిమిషాలు కలుస్తాయి. 1906లో ఈ టైము రాకముందు రైళ్ళు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. రేఖాంశం లెక్కన దానికీ మా ఊరి పొద్దుకూ తేడా నాలుగు నిమిషాలే.

ఆగస్టులో డాలస్ వచ్చాక పెరట్లో మళ్ళీ అంతే కర్ర పాతాం. ఇక్కడ నడినెత్తి పొద్దు ఒకటిన్నర దాటాక! మార్చి నుంచి నవంబరు దాకా గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, పైగా డాలస్ తన టైము రేఖకు బాగా పడమర. నీడ జానెడున్నర, ఉత్తరానికి. మా ఊళ్ళో దక్షిణానికి పడిందే అని పాప రెండు రాళ్ళ వరసలూ పక్కపక్కన బొమ్మ గీసుకుంది. జులైలో మనవైపు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడని నేనూ అంతవరకు గమనించలేదు.

ఇక్కడ చాలా ఇళ్ళలో సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని ఊరి క్యాలెండరు చూసే పాటిస్తారు. అది ఆరింటికి తెల్లవారి, ఆరింటికి పొద్దుగుంకే లెక్క. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే రెండోది సోమవారానిది. జూన్‌లో డాలస్ పగలు పద్నాలుగు గంటలకు పైనే కాబట్టి అది ఎనిమిది దాటాక మొదలై దాదాపు పదింటి దాకా ఉంటుంది. పాటించేవాళ్ళు తామున్న చోటి పొద్దును బట్టే పాటించాలని నా అభిప్రాయం.

స్కూలు బస్సుకు గడియారం కావాల్సిందే. అవ్వ చెప్పే టైము మాత్రం ఉజ్జాయింపని పిల్లలు అనుకోకూడదు.

ఏప్రిల్ చివర్లో మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం కర్రకు నీడే పడని రోజు వస్తుంది. స్కూలుంటుంది, మేం వెళ్ళలేం. అవ్వే వీడియో తీసి పంపాలి. కర్ర నిట్టనిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూడమని పాప ఇప్పటినుంచే ఫోన్లో నేర్పిస్తోంది.