నెలకు యాభై డాలర్లు

నాన్న బొమ్మలు వేసేవారు. గుడి గోడల మీద దశావతారాలు, నాటకాలకు తెరలు, దుకాణాలకు బోర్డులు. బొమ్మ వేయడానికి నాలుగు రోజులు పడితే ఆ డబ్బులు చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టేది. ఒకసారి ఒక కల్యాణమండపం వాళ్లు ఆయన్ని ఉగాది నుంచి దసరా దాకా తిప్పారు. వెళ్లిన ప్రతిసారీ తిరిగొచ్చి సైకిల్ స్టాండు వేసి, అమ్మ వైపు చూడకుండా తిన్నగా పెరట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కునేవారు. అమ్మకు అర్థమైపోయేది.

మొన్న శనివారం వాషింగ్టన్‌లో ఫిలిప్స్ కలెక్షన్ చూస్తున్నప్పుడు ఆ పెరడే గుర్తొచ్చింది. డ్యూపాంట్ సర్కిల్ మెట్రోలో దిగితే కొద్ది నడక. బొమ్మలు కొని పోగేసిన డంకన్ ఫిలిప్స్ కుటుంబం ఉన్న ఇల్లే ఇప్పుడు మ్యూజియం. ఫిలిప్స్‌కు అమ్మ వైపు తాతది పిట్స్‌బర్గ్‌లో ఉక్కు వ్యాపారం, డబ్బుకు లోటు లేదు. 1917లో తండ్రి పోయారు, మరుసటి ఏడాది ఇన్‌ఫ్లుయెంజాతో అన్న పోయాడు. వాళ్లిద్దరి జ్ఞాపకంగా 1921లో ఇంట్లోనే గ్యాలరీ తెరిచాడు. అదే ఏడాది పెళ్లి చేసుకున్న మార్జరీ స్వయంగా చిత్రకారిణి.

అక్కడికి వెళ్లిన వాళ్లందరూ ముందు ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ వేసిన పడవ విందు బొమ్మ దగ్గర ఆగుతారు. నేనూ ఆగాను. 1923లో దాన్ని ఫిలిప్స్ 1,25,000 డాలర్లకు కొన్నాడు. అప్పటికే రెన్వార్ పోయి దాదాపు నాలుగేళ్లు. గొప్ప బొమ్మే, కాదనను. కానీ నన్ను పట్టుకున్నది ఆ లక్షల లెక్క కాదు, నెలకు యాభై డాలర్ల లెక్క.

ఆర్థర్ డవ్ అని ఒక చిత్రకారుడు. అమెరికాలో దేని పోలికా కనిపించని నైరూప్య చిత్రాలు వేసిన మొదటివాళ్లలో ఒకడు. పత్రికలకు బొమ్మలు వేశాడు, కోళ్లు పెంచాడు, తర్వాత భార్య అయిన హెలెన్ టార్‌తో కొన్నేళ్లు పడవలోనే కాపురం ఉన్నాడు. ఆమెదీ కుంచె పట్టిన చెయ్యే. డవ్ తండ్రికి డబ్బుంది గానీ కొడుకు బొమ్మల పిచ్చికి పైసా ఇవ్వలేదు. న్యూయార్క్‌లో ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ తన గ్యాలరీలో ఆ బొమ్మలు పెట్టేవాడు, కొనేవాళ్లు మాత్రం అరుదు. ఫిలిప్స్ 1926లో మొదటిసారి కొన్నాడు. 1930లో, దేశమంతా మాంద్యంలో కూరుకుపోతున్నప్పుడు, డవ్‌కు నెలనెలా యాభై డాలర్లు పంపడం మొదలుపెట్టాడు. తర్వాత ఆ మొత్తం పెంచాడు.

ఇది దానం కాదు. ఏటా డవ్ కొత్తగా వేసిన వాటిలో ముందు ఎంచుకునే హక్కు ఫిలిప్స్‌ది. డబ్బున్నవాడి చేతిలో చెక్కూ ఉండి, మొదటి ఎంపికా ఉంటే రెండోవాడి మీద బరువు పడుతుంది. అది నాకు తెలుసు. అయినా పర్వాలేదంటాను. నెలకు ఇంత వస్తుందని తెలిసిన ఇల్లు వేరు, తెలియని ఇల్లు వేరు. నేను రెండో ఇంట్లో పెరిగాను. డబ్బు టెన్షన్‌లో ఉన్నప్పుడు నాన్న చెయ్యి బోర్డు అక్షరాలు దిద్దడానికే లేచేది, సొంత బొమ్మకు లేచేది కాదు.

డవ్ వేసిన 'రెడ్ సన్' 1935 నాటిది, ఆ నెలసరి డబ్బు వస్తున్న రోజుల్లోది. దున్నిన చాళ్లలాంటి పట్టీల పైన ఎర్రటి సూర్యుడు, లోపల చుట్టలు చుట్టుకున్న గీత. ఎవరికి నచ్చుతుందోనన్న బెరుకు అందులో ఎక్కడా కనిపించదు. 'గోయిన్ ఫిషిన్' కూడా ఫిలిప్స్ దగ్గరికే చేరింది. వెదురు బద్దలు, డెనిమ్ చొక్కా చేతులు, బొత్తాలు కలిపి పేర్చినది. వెదురు బద్దలతో కళ ఏమిటని ఆ కాలంలో ఎవరైనా నవ్వి ఉండొచ్చు. ఫిలిప్స్ మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఎదురెదురుగా కలుసుకున్నది ఒక్కసారే, 1936లో. మిగతాదంతా ఉత్తరాలు, చెక్కులు. మరుసటి ఏడాది ఫిలిప్స్ తన గ్యాలరీలో డవ్ జీవితకాలపు పనినంతా ఒకచోట చేర్చి చూపించాడు.

డవ్ ఒక్కడే కాదు. చిత్రకారుడు జేకబ్ లారెన్స్ గీసిన అరవై వలస చిత్రాల్లో బేసి సంఖ్యలవన్నీ 1942లో ఫిలిప్స్ కొన్నాడు, సరి సంఖ్యలవి న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం తీసుకుంది. లారెన్స్‌కు అప్పటికి పాతికేళ్లు కూడా సరిగ్గా నిండలేదేమో. దక్షిణాది నల్లవాళ్లు మూటాముల్లె సర్దుకుని ఉత్తరాదికి రైలెక్కిన కథ అది. దాని గురించి విడిగా రాస్తాను.

డవ్ 1946 నవంబరులో పోయాడు. ఆ ఏడాదే, ఒంట్లో బాగాలేని స్థితిలో, ఫిలిప్స్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఈ చెక్కులు నాకెంతో మీకు తెలియదు, జీవితమంతా ఒక ఆలోచన కోసం పోరాడాను, మీ అండే దాన్ని కాపాడింది అని అందులోని సారాంశం. మీకు ఇంతకుముందూ చాలా ఉత్తరాలు రాశాను, పోస్టులో వెయ్యలేదు అని కూడా చెప్పాడు.

ఇంటికొచ్చాక నాన్నకు ఫోన్ చేసి 'రెడ్ సన్' ఫొటో పంపాను. చాలాసేపు చూసినట్టున్నారు. తర్వాత, "ఆ ఎరుపు ఎలా కలిపాడమ్మా?" అని అడిగారు.