చలి ప్రాంతంలో హెర్మిట్ పీతల తొట్టి: వేడి, తేమలతో నా అనుభవం

అమెరికాలోని డెట్రాయిట్ శివారులో మేముండే ఇంట్లో చలికాలమంతా హీటర్ నడుస్తూనే ఉంటుంది. గది 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుఖంగానే ఉన్నా, గాలిలో తేమ 30 శాతానికి, ఒక్కోసారి అంతకంటే దిగువకు పడిపోతుంది. ఇటువంటి ఇంట్లో కరీబియన్ తీరానికి చెందిన నేల హెర్మిట్ పీతలను, అంటే ఖాళీ నత్తగుల్లలను ఇల్లుగా మోసుకు తిరిగే పీతలను, క్షేమంగా ఉంచడానికి ఏమేమి చేయవలసి వచ్చిందో రాస్తున్నాను. మా అమ్మాయి కోరిక మేరకు, వాటిని ఇక పెంచలేమన్న ఒక కుటుంబం నుంచి మూడు పీతలను తెచ్చుకున్నాము. దుకాణంలో కొనడానికి నాకు మనసొప్పలేదు. ఈ జాతి పిల్లలు తొలిదశలో సముద్రపు నీటిలోనే ఎదగాలి గనుక, అమ్మకానికి వచ్చేవి దాదాపు అన్నీ తీరంలో పట్టి తెచ్చినవే.

ఈ పీతలు నేల మీద తిరిగినా ఊపిరి తీసుకునేది మొప్పలతోనే. మొప్పలు తడిగా ఉన్నంతకాలమే వాటికి గాలిలోని ప్రాణవాయువు అందుతుంది. పొడిగాలిలో అవి మెల్లమెల్లగా ఊపిరాడక చనిపోతాయి. అందువల్ల తొట్టిలో 24 నుంచి 29 డిగ్రీల వెచ్చదనం, 75 నుంచి 85 శాతం తేమ ఉండాలి, అంటే మన కోస్తాలో శ్రావణమాసపు గాలి వంటిది. అయితే వేడి పెంచితే తేమ శాతం తగ్గుతుంది, ఎందుకంటే ఆ వేడి వద్ద గాలి పట్టగల ఆవిరిలో ఎంత వంతు ఉందో చెప్పేదే ఈ శాతం. 20 డిగ్రీల వద్ద 60 శాతం తేమ ఉన్న గాలిని, నీటి ఆవిరి కొత్తగా చేరకుండా 27 డిగ్రీలకు వేడిచేస్తే, అదే గాలిలో తేమ సుమారు 40 శాతంగా కనిపిస్తుంది. కనుక ఈ రెంటినీ మొదటినుంచీ ఒకే సమస్యగా చూడవలసి వచ్చింది.

అన్నిటికంటే ముందు కొలత పరికరాలను పరీక్షించాను. మీటరు తప్పు చెబితే మిగతా శ్రమంతా వృథా. ముల్లు తిరిగే గుండ్రటి మీటర్లను నమ్మలేక తేమను కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్లు రెండు తీసుకున్నాను. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దగా తడిసేంత నీరు మాత్రమే కలిపి, మీటర్లతో సహా గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేశాను. అలా తడిసిన ఉప్పు చుట్టూ ఉన్న గాలి గది ఉష్ణోగ్రతలో 75 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. ఒక మీటరు 75 చూపింది, రెండోది 69 చూపింది. ఆ ఆరు అంకెల తేడాను కాగితం మీద రాసి రెండోదానికి అంటించాను.

హీటింగ్ ప్యాడ్‌ను చాలామంది తొట్టి అడుగున పెడతారు. పీతలు ఎదగడానికి ఒంటి మీది పాత పొరను విడిచే కాలంలో ఇసుక లోపలికి దిగి వారాలు, నెలల తరబడి అక్కడే ఉంటాయి. అడుగు నుంచి వేడి వస్తే వాటికి తప్పుకునే దారి ఉండదు, ఇసుక కూడా ఎండిపోతుంది. అందుకే మా ప్యాడ్‌ను వెనుక గోడకు బయటివైపు, ఇసుక మట్టానికి పైన అతికించాను. వేడి గదిలోకి పోకుండా దాని వెనుక రేకుపొర ఉన్న ఇన్సులేషన్ షీటు కట్టి, ప్యాడ్‌ను, వేడిని తనంతట తానే అదుపు చేసే థర్మోస్టాట్‌కు కలిపాను. థర్మోస్టాట్ సెన్సారు తొట్టి లోపల, మధ్య ఎత్తులో, పీతలు లాగలేనంత గట్టిగా బిగించి ఉంది. ఒక పక్క 28 డిగ్రీలు, మరో పక్క 25 డిగ్రీలు ఉండటం వల్ల తమకు నచ్చిన చోటును పీతలే ఎంచుకుంటాయి.

తేమకు గాజు మూత, తడి ఇసుక ఆధారం. ఐదు పాళ్ల ఇసుకకు ఒక పాలు కొబ్బరిపొట్టు కలిపి, పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలిచేంత తడిపి, ఎనిమిది అంగుళాల మందాన పరిచాను. నీళ్ల గిన్నెలు రెండు: ఒకదానిలో క్లోరిన్ తొలగించిన మంచినీరు, రెండోదానిలో అక్వేరియంలకు వాడే సముద్రపు ఉప్పు కలిపిన నీరు. మీటర్లను ఆ గిన్నెలకు దూరంగానే ఉంచాలి, లేకపోతే అంకె ఎక్కువగా కనిపిస్తుంది.

పీతలు రాకముందే ఖాళీ తొట్టిని కొంతకాలం నడిపి, ఉదయం, రాత్రి అంకెలను ఒక పుస్తకంలో రాసుకున్నాను. రాత్రి హీటర్ తగ్గించినప్పుడు తొట్టి 23కు జారుతోందని తెలిసింది ఆ పుస్తకం వల్లనే. పక్క గోడలకు కూడా థర్మోకోల్ పలకలు ఆనించాక అది 25 దగ్గర నిలిచింది. తేమ 85 దాటిన రోజున మూత కాస్త తెరిచి ఉంచుతాను. ఇసుక అడుగున నీరు నిలిస్తే బాక్టీరియా పెరిగి లోపలున్న పీతకు ప్రమాదం కనుక, గాజు పక్క నుంచి అడుగు భాగాన్ని కూడా చూస్తుంటాను.

పెద్ద పీత ఇసుకలోకి దిగినప్పుడు తవ్వి చూద్దామని మా అమ్మాయి ఎంతో అడిగింది. తవ్వితే మెత్తని ఒంటితో ఉన్న జీవి చనిపోవచ్చని చెప్పి, అంకెలు రాసే పని తనకే అప్పగించాను. మంచు తుపానులో కరెంటు పోతే కప్పడానికి దుప్పట్లు, తొట్టికి బయట ఆనించడానికి వేడినీళ్ల సంచులు సిద్ధంగా ఉంచాము. థర్మోస్టాట్ కూడా ఒకటి అదనంగా కొని పెట్టాను. హీటర్ సీజన్ మొదలయ్యే ముందు దాన్నీ, ఉప్పు డబ్బాలో మీటర్లనూ మళ్లీ పరీక్షిస్తాను.