క్యాన్ బస్ లాగ్‌లో దొరికిన 17 అక్షరాలు

మిత్రుడొకరు తన పాత కారులోని క్యాన్ బస్ (కారులోని చిన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల దారి) నుంచి పది నిమిషాల లాగ్ (దాని మీద నడిచిన సందేశాల నమోదు) తీసి పంపి, అందులో ఒక మాట దాగి ఉంది, వెలికి తీయమన్నారు. ఫైలు తెరిస్తే లక్షల వరుసలున్నాయి. ప్రతి వరుసలో ఒక ఫ్రేము, అంటే ఒక చిన్న సందేశం: దాని సమయం, ఐడీ, మహా అయితే 8 బైట్ల డేటా. 1986లో బాష్ సంస్థ లోకానికి పరిచయం చేసిన ఈ పద్ధతిలో ఫ్రేము ఎవరు పంపారో, ఎవరికి పంపారో తెలిపే చిరునామా ఉండదు. ఐడీని బట్టి విషయమేమిటో, దాని ప్రాధాన్యం ఎంతో గ్రహించుకోవాలి. ఐడీ ఎంత చిన్న సంఖ్య అయితే ఆ ఫ్రేముకు బస్ మీద అంత ముందుగా దారి దొరుకుతుంది.

మొదట బైట్లన్నిటినీ ఆస్కీ (ఒక్కో ఇంగ్లిషు అక్షరానికి ఒక్కో సంఖ్యనిచ్చే పట్టిక) అక్షరాలుగా మార్చి వెతికాను. అది పొరపాటు. వేగం, ఇంజను తిరుగుళ్ల వంటి అంకెలు కూడా యాదృచ్ఛికంగా అక్షరాల రూపంలో కనిపించి గంటసేపు దారి తప్పించాయి. తరువాత ఐడీల వారీగా విడదీసి, ఏ ఐడీ ఎంత వ్యవధికి మళ్లీ వస్తున్నదో లెక్క కట్టాను. 10 మిల్లీసెకన్లకో, 100 మిల్లీసెకన్లకో క్రమం తప్పక వచ్చేవాటిని పక్కన పెట్టగా, లాగ్ మొత్తంలో ఒక్కసారి మాత్రమే జరిగిన ఒక ప్రశ్న, దానికి 7ఇ8 అనే ఐడీతో వచ్చిన మూడు ఫ్రేముల జవాబు మిగిలాయి.

ఆ జవాబులోని మొదటి ఫ్రేము 10 14 తో మొదలైంది. ముందున్న 1 ఇది ముక్కలుగా వచ్చే సందేశమని చెబుతుంది. హెక్సాలోని (పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలోని) 14 అంటే మొత్తం 20 బైట్లు. ఆ పైన 49 02 01 ఉంది: వాహన వివరాలు అడిగే 09 అనే సేవకు 40 కలిపితే 49, అంటే అది జవాబు; 02 అంటే అడిగినది వాహన గుర్తింపు సంఖ్య. మిగిలిన మూడు బైట్లు మూడు అక్షరాలు. అడిగిన పరికరం 30 తో మొదలయ్యే ఫ్రేము పంపి కొనసాగించమన్నాక, 21, 22 తో మొదలయ్యే రెండు ఫ్రేములు ఏడేసి అక్షరాలు మోసుకొచ్చాయి. వీటి నడుమ ఇతర ఐడీల ఫ్రేములెన్నో చొరబడ్డాయి కనుకనే నా తొలి వెతుకులాటకు ఆ మాట అందలేదు.

ముందున్న గుర్తు బైట్లను తొలగించి కలిపితే, భారతదేశంలో తయారైన వాహనాలకు కేటాయించిన ‘ఎం ఎ’ అక్షరాలతో మొదలై, 17 అక్షరాలు వరుసగా నిలిచాయి. ఫోనులో చదివి వినిపిస్తే, మిత్రుడు ఆర్సీలో ఛాసిస్ నంబరుగా ఉన్న ఆ గుర్తింపు సంఖ్యతో సరిచూసి సరిపోయిందన్నారు. నిజానికి ఆయన దాచింది ఏమీ లేదు. మూల క్యాన్ ప్రమాణంలో గూఢలిపి లేనందున కారు తన గుర్తింపును బాహాటంగానే పలికింది. ఆ లాగ్‌ను ఆయన మరికొందరు అభ్యాసకులకు కూడా ఇవ్వదలచారు కాబట్టి, ఆ మూడు ఫ్రేములలోని అక్షరాలను సున్నాలతో నింపి ఫైలు తిరిగి పంపాను.