మా బడి గేటు దగ్గరి రాయి

అచ్చంపేట దగ్గర మా ఊళ్లో, బడి గేటు పక్కన ఒక షాబాద్ బండ నిలబెట్టి ఉండేది. సగం మంది ఎవరిదో సమాధి అనుకునేవాళ్లు, కొందరు దసరాకు పసుపు కూడా పూసేవాళ్లు. మీద మూడు నాలుగు పొరల పెయింట్, ఎన్నికల గుర్తులు, ఒక ట్యూషన్ ప్రకటన. రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చినవాళ్లు దాన్ని పీకి పడేస్తుంటే కింద పెయింట్ ఊడి "వన" అని రెండు అక్షరాలు, పక్కన ఉర్దూ కనిపించాయి. ఈ రాయి ఎవరిదో, ఎవరు కాపాడాలో అడుగుతూ ఆఫీసుల చుట్టూ నా తిరుగుడు అక్కడ మొదలైంది.

ఒక ఆఫీసులో చెట్లు మావి, రాళ్లు మావి కావన్నారు. ఇంకో ఆఫీసులో రోడ్డు అంచు వరకే మాది అన్నారు. మూడు నెలలయ్యాక పంచాయతీ కార్యదర్శి "అన్నా, ఎవరిదీ కాకుంటే మనదే, గ్రామసభలో తీర్మానం పెడదాం" అన్నాడు. ఆ మాట మొదటి రోజే అడిగి ఉంటే బండి పెట్రోలన్నా మిగిలేది.

తర్వాతి తప్పు నాదే. టైల్స్ కడిగే యాసిడ్ తెచ్చాను. మేస్త్రీ సీసా లాక్కుని, నిమ్మకాయ కోసి బండ వెనక ఒక మూలన పిండితే సన్నగా నురగ వచ్చింది. "నిమ్మపులుపుకే ఇట్లుంటే యాసిడ్ పోస్తే అక్షరాలుంటయా?" షాబాద్ బండ సున్నపురాయి మరి, పులుపు తగిలితే కరుగుతుంది. అందుకే పెయింట్‌ను మెత్తబరిచే జెల్ పూసి, చెక్కతో గీకి, మెత్తని బ్రష్‌తో కడుగుతూ పోయాం. తొమ్మిది ఆదివారాలు పట్టింది. విరిగిన అడుగును సిమెంట్‌తో కాకుండా సున్నం, ఇసుకతో అతికించాం, సిమెంట్ అయితే తడిని బయటికి పోనీయక రాయిని పాడుచేస్తుందట.

ఉర్దూ చదవడానికి రిటైరైన సార్ ఒకాయన, మేమంతా చాచా అంటాం, వచ్చి వేలితో గీతలు తడుముతూ చదివాడు: 1950 జులై, వనమహోత్సవం, బడి పిల్లలు నాటిన మొక్కలు నలభై. కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టించిన ఏడాదే అది. అంటే 1948లో నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగి ఇంకా రెండేళ్లు నిండలేదు, అప్పుడే మా ఊరి పిల్లలు మొక్కలు నాటారు. మేమేమో 2015లో హరితహారం వచ్చినప్పుడే ఇదంతా మొదలైందనుకున్నాం.

రాయి ఇప్పుడు పంచాయతీ ఆస్తుల రిజిస్టర్‌లోకి ఎక్కింది, బోరు మోటారుకూ వైకుంఠధామానికీ మధ్యన. ఆ నలభైలో మిగిలిన ఒక్క చింతచెట్టుకు మాత్రం రోడ్డు వాళ్లు కొట్టేయడానికి ఎర్ర పెయింట్‌తో నంబర్ వేసి పోయారు. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోతున్నా, తీర్మానం కాపీ పట్టుకుని.