తాళాలు ఇచ్చాక ఏమైంది?

పొద్దున్నే ఆదివారం అనుబంధం చూసే సార్‌కి రెండు ఐడియాలు పంపాను. ఒకటి, పేదలు ఇల్లు కట్టుకోవడానికి సర్కారు డబ్బిచ్చే ఇందిరమ్మ ఇళ్ల పథకంలో మొదటి విడత గురించి. రెండోది, సర్కారే కట్టి పేదలకి ఇచ్చిన డబుల్ బెడ్‌రూమ్ కాలనీల్లో లిఫ్ట్‌ల గురించి. టిఫిన్ చేస్తుండగానే ఫోన్ చేశారు. మొదటిదానికి వెంటనే సరేనన్నారు. "రెండోది మాత్రం జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ వార్తమ్మా. లిఫ్ట్ పాడైతే రెండు పేజీలు ఏం రాస్తాం?" అన్నారు.

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. జవాబుగా కొల్లూరు సంగతి ఎత్తాను. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్‌లో ఒకేచోట 15,660 ఇళ్లు ప్రారంభించారు. ఒక్కొక్కటి 560 చదరపు అడుగులు, బ్లాకులేమో తొమ్మిది నుంచి పదకొండు అంతస్తుల దాకా. అన్ని కుటుంబాలు ఒకచోట చేరితే చిన్న పట్టణమే కదా! ఆ అంకె అందరం రాశాం. తాళాలు ఇచ్చిన రోజు ఫొటోలు వేశాం. ఆ మర్నాటి నుంచి అలాంటి కాలనీల్లో నీళ్ల మోటారు కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో, మెట్ల దగ్గర బల్బు ఎవరు మారుస్తున్నారో రాసినవాళ్లు తక్కువ. నాకు రాయాలని ఉన్నది అదే. "సరే, వెళ్లి మనుషులతో మాట్లాడి రా, చూద్దాం" అన్నారు సార్.

మధ్యాహ్నం ఊరవతల ఒక కాలనీకి వెళ్లాను. పేరు ఇక్కడ రాయను. తమ బ్లాకు వచ్చి చూడమని నన్ను పిలిచిన పెద్దమ్మ ఉండేది ఎనిమిదో అంతస్తు. లిఫ్ట్ తలుపుకి అడ్డంగా ప్లాస్టిక్ తాడు కట్టి ఉంది. మెట్లెక్కుతుంటే మధ్యలో ఒక అబ్బాయి గ్యాస్ సిలిండర్ దింపి చేతులు విదిలించుకుంటున్నాడు. ఒక్కో అంతస్తుకి ఇంత అని అదనంగా ఇస్తేనే పైకి తెస్తారట.

పెద్దమ్మ నాకు ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది. బ్లాకు మెయింటెనెన్స్ లెక్క. ఎడమవైపు ఫ్లాట్ నంబర్లు, పక్కన నెలలవారీ గళ్లు. డబ్బు కట్టినవాళ్లకి టిక్కు. చాలా గళ్లలో టిక్కూ లేదు, ఖాళీగానూ లేదు. "తాళం" అని రాసి ఉంది. వరసగా తాళం, తాళం, టిక్కు, తాళం.

"వాళ్లంతా ఎటు పోయిన్రు పెద్దమ్మా?" అనడిగాను.

"ఎటు పోతరు బిడ్డా, మొదట ఉన్న బస్తీకే. ఆడనే కిరాయికుంటున్రు. పని ఆడనే ఉన్నది గద. ఆడోళ్లకు బస్సు టికెట్ ఫ్రీయే, కానీ బస్సు రావాలె గద! ఆరింటికి ఇంటి పనికి పోవాలంటే నాలుగింటికి లేవాలె."

రెండు పేజీల కథనం నాకు ఆ నోట్‌బుక్‌లోనే దొరికింది. పని దూరమైంది కాబట్టి కొందరు తాళం వేసి వెళ్లారు. వెళ్లినవాళ్లు మెయింటెనెన్స్ కట్టరు. లిఫ్టూ మోటారూ మెట్ల లైట్లూ అన్నీ బ్లాకంతటికీ కలిపి ఉన్న కామన్ మీటరు మీదే కాబట్టి ఆ బిల్లు మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్లు కూలికి వెళ్లేవాళ్లు, ఎంతకని కడతారు? బిల్లు పేరుకుంటే లిఫ్ట్ ఆగుతుంది. లిఫ్ట్ ఆగితే మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ చంటిపిల్లల తల్లులూ ఇంకో నాలుగు తాళాలు వేస్తారు. లిఫ్ట్ ఆగడానికి మూలం పొద్దుటి బస్సు లేకపోవడం. నేను సార్‌కి చెప్పలేకపోయిన మాట ఇదే.

తిరిగి వచ్చేటప్పుడు సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీ గుర్తొచ్చింది. అవీ డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లే. 2015లో ప్రారంభమైన 396 ఇళ్లు. పాత ఇళ్లు తీసేసి అక్కడే కట్టారు. గ్రౌండ్ ఫ్లోర్ మీద రెండంతస్తులే, కాబట్టి లిఫ్ట్ గొడవ లేదు. పని చేసుకునే చోటూ మారలేదు. అన్నిచోట్లా అలా ఎందుకు కట్టరంటే, బస్తీ ఖాళీ చేయించాలి, కట్టేదాకా జనం కిరాయికి ఉండాలి, పట్టాల తగాదాలు తేల్చాలి. ఊరవతల సర్కారు భూమి ఉంటే ఆ తలనొప్పి ఉండదు. అధికారుల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఆ సులువుకి అయ్యే ఖర్చు చివరికి పెద్దమ్మ నోట్‌బుక్‌లో తేలుతోంది. హైదరాబాద్‌లో 1967లోనే అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు మొదలైంది. బస్తీవాళ్లతో సంఘాలు పెట్టించి, వాళ్లను కలుపుకునే పనులు చేశారు. అంత అనుభవం ఉన్న నగరంలో, ఇల్లు ఇచ్చిన రోజే బ్లాకు కమిటీ పెట్టించి, లెక్కలు నేర్పి, మొదటి కొన్నేళ్ల బిల్లుకి దారి చూపడం ఎందుకు కుదరదు? కుదురుతుందనే నా నమ్మకం.

రాత్రి భోజనమయ్యాక ముందు ఇందిరమ్మ ఇళ్ల కథనం పట్టుకున్నాను. అయిదు లక్షలు నాలుగు విడతల్లో ఇస్తారు. బేస్‌మెంట్ పూర్తయ్యాకే మొదటి లక్ష. అంటే పునాదికి కావాల్సిన ఇసుక, సిమెంటు, కూలి అంతా ముందు సొంతంగా పెట్టుకోవాలి. చేతిలో లేనివాళ్లు వడ్డీకి తెస్తారు. ఇంకా కొన్ని ఊళ్లలో అడిగి, ఎంత వడ్డీకి తెస్తున్నారో రాసుకోవాలి. అది లేకుండా పంపను.

తర్వాత లిఫ్ట్ ఐడియాని మళ్లీ రాసి సార్‌కి పంపాను. ఈసారి లిఫ్ట్ అనే మాటతో మొదలుపెట్టలేదు, "తాళం" అని రాసిన గళ్లతో మొదలుపెట్టాను. తాళాలు అప్పగించాక లిఫ్ట్ బాధ్యత కాగితం మీద ఎవరిదో రేపు హౌసింగ్ ఆఫీసులో అడగాలి. ఆర్టీసీ డిపోలో పొద్దుటి ట్రిప్పుల సంగతీ కనుక్కోవాలి. రెండు పేజీలు ఇవ్వకుండా ఒక పేజీకి కుదించమంటే కుదిస్తాను. కొల్లూరు అంకెలు తీసేయమన్నా తీసేస్తాను. పెద్దమ్మ నోట్‌బుక్ మాత్రం తీయనివ్వను.