ఐదుగురితో అరకు ఘాట్ రోడ్డు ఎక్కితేనే సెడాన్ సంగతి తెలిసేది

సెడాన్ కొనేముందు షోరూమువాళ్లు తిప్పే మూడు కిలోమీటర్లు చాలవు. అందుకే ఒకరోజు అద్దెకు హోండా సిటీ పెట్రోల్ మాన్యువల్ తీసుకుని, ఐదుగురం ఎక్కి, డిక్కీ నింపుకుని తెల్లారకముందే విశాఖ మద్దిలపాలెం నుంచి అరకు బయల్దేరాం.

బంకులో ఆటో కట్ పడేదాకా, అంటే ట్యాంకు నిండి పంపు దానంతటదే ఆగేదాకా కొట్టించి ట్రిప్ మీటరు సున్నా చేశాం. తిరిగొచ్చాక అదే బంకులో మళ్లీ అలాగే నింపించి, పట్టిన లీటర్లతో కిలోమీటర్లను భాగిస్తే వచ్చేదే అసలు మైలేజీ.

పెందుర్తి, కొత్తవలస దాకా స్పీడ్ బ్రేకర్లు తప్ప చెప్పుకోవడానికేం లేదు. హోండా సిటీ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు, 165 మిల్లీమీటర్లు. దానికి పోటీ సెడాన్ స్కోడా స్లావియాది 179. రెండూ ఖాళీ బండి లెక్కలే. వెనక ముగ్గురు కూర్చుంటే స్ప్రింగులు అణిగి బండి కిందికి దిగుతుంది. ఎత్తైన బ్రేకర్ల మీదికి నేరుగా పోకుండా, ఒక్కో చక్రం ఎక్కేలా కాస్త ఏటవాలుగా పోనిచ్చాం.

శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు. ఇక్కడ గేర్లు చూసుకోవాలి. ఈ 1498 సీసీ ఇంజనుకి టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజనులోకి నెట్టే పరికరం) లేదు. 145 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, 4300 ఆర్పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర గానీ పూర్తిగా అందదు. నిండు బరువుతో మూడో గేరులోనే మలుపు తిప్పి ఆర్పీఎం పడిపోనిస్తే, టర్బో లేని ఏ ఇంజనైనా గొణుగుతుంది. మలుపుకి ముందే రెండులోకి మార్చి 3000 పైన ఉంచాం. ఏసీ ఆపకుండానే అనంతగిరి హాయిగా ఎక్కేసింది. స్లావియా ఒక లీటరు టర్బోలో 178 న్యూటన్ మీటర్లు 1750 ఆర్పీఎం నుంచే అందుతాయి. ఘాట్ రోడ్డు తరచూ ఎక్కేవాళ్లు దాన్నీ నడిపి చూడాల్సిందే.

దిగేటప్పుడు కూడా రెండో గేరే. బ్రేకు మీదే కాలుంచి దిగితే ప్యాడ్లు వేడెక్కి కాలిన వాసనొస్తుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది.

డిక్కీ 506 లీటర్లు. అంకె కన్నా ముఖ్యం, మూత తెరిస్తే వచ్చే సందు. ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు తీసుకెళ్లి పెట్టి చూడండి. వెనక మధ్య సీటు పెద్దవాళ్లకి ఇంతదూరం సుఖం కాదు, పిల్లలకైతే సరే.

బండి అప్పగించేముందు తలుపుల అడుగు అంచులో నీళ్లు పోయే బెజ్జాలు చూశాం. ఒకదాన్లో ఎర్రమట్టి గట్టిపడి ఉంది. చీపురుపుల్లతో పొడిస్తే మట్టిరంగు నీళ్లు కారాయి. ఆ నీళ్లు లోపలే నిలిస్తే తుప్పు లోపలినుంచి మొదలై, పైకి కనబడేసరికి రేకు తినేసి ఉంటుంది. బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఉప్పుగాలిలో బండి ఆరుబయట పెట్టేవాళ్లు వాటిని తరచూ చూసుకుంటూ, బండి అడుగుభాగం కూడా మంచినీళ్లతో కడిగించుకోవాలి.