బడికి మంచినీళ్ల ప్లాంట్ ఇచ్చే ముందు

పదో తరగతి బ్యాచ్ పాతికేళ్లకు కలుస్తుంది. భోజనాలయ్యాక ఎవరో ఒకరు "మన బడికి ఏదైనా చేద్దాంరా" అంటారు. సాయంత్రానికి ఆ మాట ఎక్కువగా నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంట్ దగ్గర ఆగుతుంది. ఫ్లెక్సీ, రిబ్బను, కొబ్బరికాయ అన్నీ బాగానే జరుగుతాయి. రెండేళ్లు పోయాక వెళ్లి చూస్తే ఆ గదిలో చీపుర్లూ విరిగిన బెంచీలూ ఉంటాయి. తప్పు యంత్రానిది కాదు. యంత్రం ఇచ్చారు గానీ, దాన్ని నడిపే మనిషిని చూడలేదు, ఖర్చుకు డబ్బు పక్కన పెట్టలేదు.

అసలు ప్లాంట్ కావాలా అన్నది ముందు తేల్చుకోండి. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్లు బడిదాకా వస్తుంటే అవి శుద్ధి చేసిన నీళ్లే. పాడయ్యేది బడి ట్యాంకులో. మూత ఎగిరిపోయి, అడుగున వేలెడు బురద పేరుకుని ఉంటుంది. దాన్ని కడిగించి, మూత బిగించి, కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగులుతోందో లేదో చుక్కల మందు కిట్‌తో చూసుకుంటే చాలు. ఆంధ్రాలో 2019లో మొదలైన నాడు-నేడు పనుల్లో తాగునీరు కూడా ఒకటి. కాబట్టి బడిలో ఒక ప్లాంట్ ఇప్పటికే మూలన పడి ఉందేమో చూడండి. ఉంటే ముందు మెకానిక్‌ను తీసుకెళ్లండి. పాతదాన్ని బాగు చేయించడంలో ఫొటోలకు పనేమీ ఉండదు గానీ, ఖర్చు చాలా తక్కువ.

బోరు నీళ్లే దిక్కయితే పరీక్ష చేయించాలి. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపే టీడీఎస్ మీటరును పెన్నులా జేబులో పెట్టుకుని వచ్చి "450 ఉంది, పర్లేదు" అనేవాళ్లుంటారు. పళ్లూ ఎముకలూ పాడుచేసే ఫ్లోరైడ్ ఆ మీటరుకు విడిగా కనపడదు. నల్గొండ, కనిగిరి వైపు వాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 1.5 వరకే. బోరు పది నిమిషాలు వదిలి, అదే నీళ్లతో సీసాను మూడుసార్లు తొలిచి, లీటరు నింపి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు ఇవ్వండి. క్రిముల పరీక్షకు మాత్రం సీసా ల్యాబు వాళ్ల దగ్గరే తీసుకోవాలి, దాన్ని తొలవకూడదు, అదే రోజు అందించాలి.

సైజు లెక్క తేలిక. 300 మంది పిల్లలకు తలా లీటరున్నర అంటే 450 లీటర్లు. గంటకు 250 లీటర్ల ప్లాంట్ రెండు గంటలు నడిస్తే సరిపోతుంది. కరెంటు పోయే ఊళ్లకు 500 లీటర్ల స్టీలు ట్యాంకు తప్పనిసరి. ఇలాంటి చిన్న ప్లాంట్లలో పోసిన నీళ్లలో దాదాపు సగం ఉప్పునీరుగా బయటికి పోతాయి. ఆ గొట్టాన్ని ఆటస్థలంలోకి వదిలితే బురద, దోమలు. మొక్కలకు పెడితే నేల చౌడుబారుతుంది. మరుగుదొడ్లలో పోసే నీళ్ల ట్యాంకుకు కలపడం మేలు.

అందరూ మరిచేది కుళాయిల సంగతి. చిన్న విరామం పది నిమిషాలు. ఒక పిల్ల సీసా నింపుకోవడానికి ఇరవై సెకన్లు పడుతుంది. నాలుగు కుళాయిలుంటే 300 మందికి ఇరవై అయిదు నిమిషాలు కావాలి. అందుకే పది కావాలి. చిన్న తరగతుల పిల్లలుంటే మూడు కుళాయిలు రెండడుగుల ఎత్తులో పెట్టించండి. లేకపోతే పైకెక్కి వేలాడతారు, వారంలో కుళాయి ఊడుతుంది.

ప్లాంట్లు ఆగిపోయే కారణాలు ఎక్కడ చూసినా ఇవే. ఓల్టేజీ పడిపోయి హైప్రెషర్ పంపు మోటారు కాలిపోతుంది, స్టెబిలైజర్‌కు డబ్బు మిగల్లేదంటారు. ముందుండే ఫిల్టరు నెలల తరబడి మార్చరు. దానికి అటూ ఇటూ రెండు ప్రెషర్ గేజీలుంటాయి. అవి చూపే ఒత్తిడిలో తేడా కేజీకి (చదరపు సెంటీమీటరుకు) దగ్గరపడితే లోపలి గుడ్డ ఫిల్టరు మార్చాల్సిందే. ఇంకొకటి, గోడకు తగిలించిన చిన్న డబ్బాలో మందు నీళ్లు. నీళ్లలోంచి లవణాలను వడకట్టే పొర, అంటే మెంబ్రేన్‌కు, సున్నం పట్టకుండా చుక్కచుక్కగా పడే మందది. అది అయిపోయిందని ఎవరికీ తెలియదు, నీళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి. కొన్నాళ్లకు ధార సన్నబడి మెంబ్రేన్ మార్చమంటారు. అదే అన్నిటికన్నా పెద్ద ఖర్చు. రుచి చప్పగా ఉందని కొందరు మెకానిక్‌లు కొంచెం బోరు నీళ్లు కలిపే వాల్వు తిప్పుతారు. ఫ్లోరైడ్ ఊళ్లో ఆ వాల్వు తిప్పారంటే తీసేసిన ఫ్లోరైడ్‌ను మళ్లీ కలిపినట్టే.

వేసవి సెలవులు ఏడు వారాలు. నీళ్లు నిలబడి లోపల పాకుడు పడుతుంది. సెలవుల్లో కూడా వారానికి రెండుసార్లు అరగంట నడిపేవాళ్లు ఊళ్లో ఉండాలి. బడి తెరిచే ముందు ట్యాంకు కడిగి, మొదటి గంట నీళ్లు పారబోయాలి.

కాగితాల పని పెద్దదేమీ కాదు గానీ వదలొద్దు. హెడ్మాస్టరుతో మాట్లాడి, పాఠశాల యాజమాన్య కమిటీలో తీర్మానం రాయించి, మండల విద్యాధికారికి ఒక కాపీ ఇవ్వండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు వాటికి పెద్ద. ఆమెను మొదటి రోజే కలుపుకోండి, సెలవుల్లో తాళం తీయించేది ఆమే. ప్లాంటును స్టాక్ రిజిస్టరులో ఎక్కించకపోతే హెడ్మాస్టరు బదిలీ అయ్యాక అది ఎవరిదీ కాకుండా పోతుంది.

అమెరికా మిత్రులు పంపే డబ్బు దగ్గర జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా, విదేశీ దాతలే. వాళ్ల డబ్బు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థకు వెళ్లాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఆ డబ్బును ఇంకో సంఘానికి బదిలీ చేయకూడదు, తనే కొని బిగించాలి. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకరి ఖాతాకు అందరూ పంపేస్తే ఇబ్బంది ఆ ఒక్కరికే.

నడిపే ఖర్చుకు మొదటి రోజే డబ్బు తీసి పెట్టండి. బ్యాచ్ సొసైటీ పేరున లక్ష రూపాయల డిపాజిట్ వేస్తే, ఆరు శాతం లెక్కన ఏడాదికి 6,000 వస్తుంది. ఫిల్టర్లకూ మందుకూ అది ఆధారం. మెంబ్రేన్‌కు వేరే దాచాలి. డబ్బివ్వలేని వాళ్లు బ్యాచ్‌లో ఉంటారు, ఊళ్లోనే ఉండేదీ ఎక్కువగా వాళ్లే. సోమవారం పొద్దున పావుగంట వాళ్లను అడగండి. రెండు గేజీలు, టీడీఎస్, మందు డబ్బాలో మట్టం చూసి, ప్లాంటుకు దారంతో కట్టిన నోటుబుక్కులో తేదీ వేసి రాయాలి. మెకానిక్ ఫోన్ నంబరు దాతల పేర్లున్న పాలరాతి పలక పక్కనే పెయింటుతో రాయించండి, అదే సైజు అక్షరాల్లో.